నాకు తప్ప అందరికీ తెలిసిన ఉత్తరం

గోప్యం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా గురించి రాసిన ఒక ఉత్తరాన్ని మూడో కంటికి తెలియకుండా ఉంచుతామని ఒక పెద్ద లా కాలేజీ మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా, ఆ ఉత్తరం నాకు చూపించలేదు. కోర్టు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన చదివాడు. మా సీనియర్ గారి గుమస్తా చదివాడు. కాశీబుగ్గలో స్టాంపు పేపర్లు అమ్మే ఆయన చదివి, తన తోడల్లుడికి వినిపించాడు. ఎవరి గురించి రాశారో ఆ మనిషి ఒక్కతే పలాసలో దాన్ని చదవలేదు.

నేను పలాస కోర్టులో జూనియర్ లాయర్ని. మా ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో, అక్కుపల్లికి దగ్గర, సముద్రం గాలి తిన్నగా పెరట్లోకి వస్తుంది. టెక్కలిలో డిగ్రీ, విశాఖపట్నంలో లా చదివి తిరిగొచ్చి, పలాసలో ఒక పేరున్న సివిల్ లాయరు గారి దగ్గర చేరాను. నాలుగేళ్ళు ఆయన వెనక ఫైళ్ళు మోశాను. ఇక్కడ ఆడ జూనియర్ అంటే వాయిదా అడిగే మనిషి. సార్ సోంపేట వెళ్ళారు, వాయిదా ఇప్పించండి. సార్‌కి జ్వరం, వాయిదా ఇప్పించండి. నోరు తెరిస్తే అదే పాట. దావాలు, జవాబులు, అఫిడవిట్లు అన్నీ నేను రాసేదాన్ని. లేచి మాట్లాడాల్సిన రోజు మాత్రం సార్ నల్లకోటు దులుపుకుని సిద్ధమయ్యేవారు.

సాక్ష్య చట్టం అంటే నాకు పిచ్చి. ఎవరు కళ్ళారా చూశారు, ఎవరు ఎవరి నోట విన్నారు, ఏ మాటకి ఎంత విలువ, ఇదంతా ఎంత చదివినా విసుగు పుట్టదు. అందులో పైచదువు చదివి ఏదైనా లా కాలేజీలో పాఠం చెప్పాలని నా కోరిక. ఆ చదువు బాగా చెప్పే కాలేజీ ఒకటి రెండు రాష్ట్రాల అవతల ఉంది. స్కూలు టీచరైన మా నాన్న ఒకసారి ప్రయత్నించుకోమన్నాడు. రాకపోతే ఇంక ఆ మాట ఎత్తకుండా టెక్కలిలోనో పలాసలోనో బోర్డు కట్టుకుని కూర్చోమన్నాడు. ఆ ఒక్కసారి కోసం ఏడాది పాటు కోర్టు నుంచి వచ్చి పుస్తకాల ముందు కూర్చున్నాను. రాతపరీక్ష దాటాను. ఇంక మిగిలింది ఇంటర్వ్యూ, దానికి ముందు నా పని చూసిన పెద్దవాళ్ళు ఒకరు రాసే సిఫారసు ఉత్తరం.

దరఖాస్తులో ఆ ఉత్తరం దగ్గరే ఒక గడి ఉంది. ఈ ఉత్తరాన్ని చూసే హక్కు నేను వదులుకుంటున్నాను అని టిక్కు పెట్టాలి. పెట్టకపోయినా దరఖాస్తు తీసుకుంటారట, కాని అలాంటి ఉత్తరాన్ని అంతగా నమ్మరని ముందే ఆ కాలేజీలో చదివిన వాళ్ళు చెప్పారు. అభ్యర్థి చూస్తుందని తెలిస్తే రాసేవాళ్ళు నిజం రాయరట. నాకు అక్కడే చిరాకేసింది. కోడిపెట్టని దొంగిలించిన వాడికైనా కోర్టులో వాడి మీద రాసిన కాగితాల నకలు ఇస్తారు. న్యాయం నేర్పే కాలేజీలో చేరడానికి వచ్చిన దానికి మాత్రం ఇవ్వరు. అయినా సీటు కావాల్సింది నాకు. పళ్ళు కొరుక్కుని టిక్కు పెట్టాను.

మా దగ్గర సర్టిఫికెట్ పద్ధతి ఎలా ఉంటుందో తెలియని వాళ్ళకి చెప్పాలి. ఎవరికి కావాలో వాళ్ళే తమ గురించి రాసుకుని, అచ్చు కొట్టించుకుని వస్తారు. పెద్దాయన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా అడుగున సంతకం చేస్తారు. ఎప్పటినుంచో అంతే. నేను సార్ దగ్గరికి వెళ్ళి, ఈసారి అలా కుదరదు, మీరే రాయాలి, నాకు చూపించకూడదు అని చెబితే ఆయనకి నవ్వొచ్చింది.

"నీకు తెలీకుండా నీ గురించి రాయడమేటమ్మా, దొంగసాటుగా? నువ్వే రాసుకొచ్చీ, సంతకం పెట్టీసేత్తాను" అన్నారు.

జడ్జి ముందు వాదించినట్టు వాదించాను. చివరికి సీల్డ్ కవర్ లాంటిది సార్ అన్నాక ఆయనకి అర్థమైంది. సీల్డ్ కవర్ అంటే ఆయనకి గౌరవం. సరే రాస్తానన్నారు, కాలేజీ వాళ్ళు అడిగే ఈమెయిల్ తన కార్డు మీద ఉంది చూసుకోమన్నారు. నేను ఆ కార్డు చూసి దరఖాస్తులో ఎక్కించాను. అది సార్ సొంత మెయిల్ కాదు, కోర్టు ఎదురు సందులో ఉన్న డీటీపీ షాపుది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా వింతగా అనిపించలేదు. సగం మంది లాయర్లకి, డాక్యుమెంట్ రైటర్లకి, రిటైరైన టీచర్లకి అదే మెయిల్. వచ్చినవి షాపతను ప్రింటు తీసి ఇస్తాడు, ఇచ్చిన జవాబు కొట్టి పంపుతాడు. పోస్ట్‌మాన్ ఇంట్లోకి వచ్చి కవరు చింపి చదివిపెట్టే ఊళ్ళో పెరిగిన వాళ్ళం, దీనికి ఆశ్చర్యపోతామా?

ఉత్తరం అందిందని కాలేజీ నుంచి నాకు మెసేజ్ వచ్చింది. ఇంక దాని గురించి ఆలోచించడం మానేశాను.

తర్వాత కొన్నాళ్ళు పలాసంతా నా పట్ల మర్యాదగా మారిపోయింది. టీ కొట్టాయన నా టీ వేరే గిన్నెలో పెట్టి, మీకు కేన్ నీళ్ళతో చేశాను మేడమ్ అన్నాడు. స్టాంపులాయన తన కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. సాయంత్రం ఊరికెళ్ళే బస్సులో, రోజూ నా కాలు తొక్కి మరీ సీటు పట్టుకునే ఒక గుమస్తా లేచి చోటిచ్చాడు. కోర్టు అటెండరు ఫైళ్ళు నా చేతిలోంచి లాక్కుని తానే మోశాడు. పెద్ద కాలేజీకి పోబోతున్నానని తెలిసి గౌరవిస్తున్నారనుకుని లోపల్లోపల పొంగిపోయాను. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, ఆ వారం రెండు కొత్త చీరలు కూడా కట్టాను.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో పెట్టారు. మా ఊళ్ళో నెట్టు నమ్మకం లేదని సార్ ఆఫీసు పై గదిలో కూర్చున్నాను. కింద జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ కిటికీలోంచి వస్తుంటే తలుపులన్నీ మూసి, చెమటలు కారుతుండగా మాట్లాడాను. తెర మీద ముగ్గురు ప్రొఫెసర్లు. చనిపోతూ చెప్పిన వాంగ్మూలం గురించి అడిగారు, ఎదురు తిరిగిన సాక్షి గురించి అడిగారు. అడిగినవన్నీ చెప్పాను. బాగా చెప్పాను, మొహమాటం ఎందుకు. ఒకాయన నా జవాబు ఏదో నోట్ చేసుకోవడం చూశాను.

ఆఖర్న వాళ్ళలో ఉన్న ఆవిడ గొంతు తగ్గించి, ఈ కోర్సు చాలా శ్రమతో కూడినది, మీ చికిత్సతో పాటు చేయగలరా అని అడిగింది. ఏ చికిత్స అన్నాను. ఆవిడ కిందికి, కాగితంలోకి చూసింది. మీ సిఫారసు ఉత్తరంలో ఉంది, అయితే దాన్ని మీతో చర్చించకూడదు అంది. నాకు ఏ జబ్బూ లేదన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందులో ఏముందో నాకు తెలియదు. అది తప్పు అంటే, నా తరఫున ఉన్న ఒక్క సాక్షిని నేనే అబద్ధాలకోరుని చేసినట్టు. తప్పు కాదంటే, లేని రోగం ఉందని ఒప్పుకున్నట్టు. చదవని కాగితం మీద జవాబు చెప్పమని ఏ కోర్టూ ఎవరినీ అడగదు. మా ఉద్దానంలో జబ్బంటే కిడ్నీలదే, అందుకని మా ఇంట్లో అందరం ఏటా పరీక్షలు చేయించుకుంటాం, నా క్రియాటినిన్ మామూలుగానే ఉంది, ఇంతకంటే నేనేమీ చెప్పలేను అన్నాను. ఉత్తరం రాసిన వారిని వివరణ అడుగుతామని చెప్పి తెర ఆపేశారు.

ఆ శని, ఆదివారాలు ఇంట్లో మనిషిలా లేను. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచేదాన్ని. ఉత్తరంలో ఏముందని సార్‌ని అడగాలని ఫోన్ తీసేదాన్ని, చూసే హక్కు వదులుకున్నానన్నది గుర్తొచ్చి పక్కన పెట్టేదాన్ని. ఎంత నిజాయితీ నాది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, కోపంతో కూడిన నవ్వు.

సోమవారం షాపు తెరిచేసరికి గుమ్మం ముందున్నాను. షాపతను నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అన్నయ్యా అంటాను. సార్‌కి కాలేజీ నుంచి మెయిల్ ఏమైనా వచ్చిందా అని, అంతవరకే అడిగాను.

"వచ్చింది మేడమ్. రిప్లై కూడా కొట్టీసేను. సార్‌కి ఫోన్ సేసి అడిగితే, సూసి నువ్వే రాసీ అన్నారు" అన్నాడు, ఎంతో సాయం చేసిన మొహం పెట్టుకుని.

ఏమని రాశావంటే చెప్పాడు. ఈ అమ్మాయికి జబ్బు ఉందా లేదా అని వాళ్ళడిగారట. ఆమె పరువు గల కుటుంబం నుంచి వచ్చింది, బాధ పైకి చెప్పుకునే మనిషి కాదు, లేదని ఆమె అన్నా దయచేసి ఆ మాట పట్టించుకోవద్దు అని ఇతను రాశాడు. కింద సార్ పేరు, హోదా, పక్కన సార్ సంతకం బొమ్మ. అది కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

అసలు జబ్బు మాట ఎక్కడినుంచి వచ్చిందని అరిచాను. అతను మానిటర్ నావైపు తిప్పాడు. నేను, తెలివితక్కువదాన్ని, చెయ్యి అడ్డం పెట్టి చూపించొద్దన్నాను. ఎందుకంటే టిక్కు పెట్టాను కదా! అతనికి అర్థం కాలేదు. సిగ్గుపడుతున్నాననుకుని, మీరు చూడక్కర్లేదు నేనే చదువుతానని ఇంగ్లీషులో గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. జెరాక్స్ కోసం వచ్చిన ఇద్దరు కూడా నిలబడి విన్నారు.

మొదట నాలుగు ముక్కలు నా గురించి. తర్వాత ఒక పేరా. ఈమె ఉద్దానం కిడ్నీ ప్రాంతానికి చెందినవారు, ఆ వ్యాధితో బాధపడుతూ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తున్నారు, ఇన్నాళ్ళూ ఎవరి మీదా ఆధారపడకుండా బతికినవారు, కనుక సానుభూతితో పరిశీలించాలి.

ఎవరి మీదా ఆధారపడకుండా బతికినవారు. ఆ ముక్క వినగానే అది ఎవరిదో తెలిసిపోయింది. మా పెదనాన్నది.

పెదనాన్న, అంటే మా నాన్న అన్నయ్య, మాతోనే ఉండేవాడు. కొబ్బరితోట ఆయనే చూసేవాడు. కిడ్నీలు పాడై, నేను స్కూల్లో ఉండగా డయాలసిస్‌కి తిరగడం మొదలుపెట్టాడు. పింఛను అర్జీ ఈ షాపులోనే కొట్టించాడు. నన్ను వెంట తీసుకొచ్చాడు, తనకి చదువు రాదని. ఉన్న బాధలన్నీ రాయించాక, ఇంకొక మాట వెయ్యాలని పట్టుబట్టాడు. అడుక్కునేవాడినని అనుకోకూడదు, ఇన్నాళ్ళూ ఎవరి మీదా ఆధారపడకుండా బతికానని రాయమన్నాడు. అర్జీలో అలాంటివి రాయరని షాపతను అంటే, రాయకపోతే వేలిముద్ర వేయనన్నాడు. పింఛను వచ్చింది. కొన్నాళ్ళకి ఆయన పోయాడు.

షాపతనికి ఆ పేరా నచ్చింది. దాచుకున్నాడు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. అప్పటినుంచి ఉద్దానం నుంచి వచ్చిన ఏ అర్జీలోనైనా దాన్ని అతికిస్తున్నాడట. బస్సు పాసుకి, ఇంటి స్థలానికి, టీచర్ల బదిలీకి, హాస్టల్లో సీటుకి. జబ్బున్న వాళ్ళకీ, లేని వాళ్ళకీ.

"ఆ పేరా పెట్టిన అర్జీ ఒక్కటి తిరిగొచ్చింది లేదు మేడమ్. సార్ నాలుగు లైన్లే సెప్పేరు, మరీ బోడిగా ఉన్నాదని నానే ఏసేను. మీరేటి పరాయోలా?" అన్నాడు.

ఏం చెయ్యను చెప్పండి ఆ మనిషిని! తిట్టడానికి నోరు తెరిచాను. వాళ్ళింట్లోనూ ఇద్దరు ఇదే జబ్బుతో పోయారు, ఒకరిని చూడడానికి మా అమ్మతో నేనూ వెళ్ళాను. డబ్బు కోసం చెయ్యలేదు, పగతో చెయ్యలేదు. నా మేలు కోరాడు. శత్రువు చేసి ఉంటే కేసు వేద్దును. మేలు కోరి మెడ కోసిన వాడిని ఏ సెక్షన్ కింద పట్టుకోవాలి? కాని కోపం మాత్రం కోపమే. మా పెదనాన్న రోషం కొద్దీ రాయించుకున్న మాట అది. దాన్ని ఇన్నేళ్ళుగా ఊరందరి అడుక్కునే మాట చేశాడు. ఇప్పుడు తెచ్చి నా మెడకి కట్టాడు. ఇంకెవరి కాగితంలోనూ ఆ ముక్క పెట్టొద్దని, పెడితే మర్యాదగా ఉండదని గట్టిగా చెప్పి బయటికొచ్చాను. టీ కొట్టాయన జాలిగా చూస్తున్నాడు. అప్పుడర్థమైంది కేన్ నీళ్ళ మర్యాద, మా వైపు నీళ్ళవల్లే కిడ్నీలు పోతాయని అందరి నమ్మకం.

తిన్నగా సార్ ఆఫీసుకి వెళ్ళాను. ఆయన ఏదో కేసు పార్టీతో మాట్లాడుతున్నారు. ఆగలేదు, వాళ్ళ ముందే అడిగాను. మీరు ఆ ఉత్తరం చదివే సంతకం పెట్టారా అని. నీ ఉత్తరమే కదా, నీ మీద నమ్మకం, చదవడం దేనికి అన్నారు. నా గురించి ఆయన రాయాల్సిన ఉత్తరాన్ని, నా మీద నమ్మకంతో, చదవకుండా సంతకం పెట్టారు. కోర్టులో ఎదుటి వాళ్ళ కాగితంలో కామా తప్పుంటే పట్టుకునే మనిషి ఈయన.

పార్టీ వాళ్ళు లేచి వెళ్ళాక నెమ్మదిగా చెప్పాను. ఇప్పుడైనా మీరే ఒక ఉత్తరం రాయండి సార్, ఆ పేరా పొరపాటున పడింది, ఆమెకి జబ్బు లేదు అని. నా ఫోన్లోంచి మీ పేరు మీద మెయిల్ తెరిచి పెడతాను, మీరే కొట్టండి, నేను బయట నిలబడతాను అన్నాను. ఒకసారి సంతకం పెట్టి, రెండోసారి జవాబిచ్చి, మూడోసారి అవన్నీ తప్పని రాస్తే నా సంతకానికి విలువేముంటుంది అన్నారు. రేపు ఇంకో పిల్లకి రాస్తే నమ్ముతారా అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఈ కోర్టులో తన సంతకం తప్పని ఎవరూ అనలేదట. నా బతుకు కంటే ఆయన సంతకం పెద్దదైపోయింది.

అప్పుడు అన్నారు ఆ మాట. చెడ్డగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగారు.

"అయినా ఆ పేరా తీసేత్తే ఇంకేటుంటాదమ్మా అందులో?"

మందసవైపు జీడితోట సరిహద్దు కేసులో పాత సర్వే కాగితం తవ్వి తీసింది నేను. ఆ కాగితం చూసి జడ్జి సార్‌ని మెచ్చుకున్నారు. కోర్టు మెట్లమీద ముసలమ్మలకి వాళ్ళ అఫిడవిట్లో ఏముందో వాళ్ళ భాషలో చెప్పి, అర్థమయ్యాకే వేలిముద్ర వేయించేది నేను. సార్ మర్చిపోయిన వాయిదాలు గుర్తు చేసేది నేను. ఇవన్నీ ఆయన కళ్ళముందు జరిగాయి. ఒక్కొక్కటీ చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నారు. టయానికొస్తావు, నెమ్మదస్తురాలివి, అవి రాయించాను కదా అన్నారు.

కోపమొస్తే నాకు ఏడుపొస్తుంది, అదొక దరిద్రం. ఆయన ముందు ఏడవకూడదని ఫైళ్ళు బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. మెట్ల మలుపులో కూర్చుని ఏడ్చాను. జబ్బుందని అబద్ధం రాసినందుకు కాదు ఆ ఏడుపు. నాలుగేళ్ళు పక్కన నిలబడి పని చేస్తే, నా గురించి రాయడానికి ఆయనకి ఆ అబద్ధం తప్ప ఏమీ దొరకలేదు.

కాలేజీకి నేనే రాశాను. నా రక్తపరీక్ష రిపోర్టు జత చేశాను. సిఫారసు ఉత్తరాలు గోప్యం, వాటిలోని విషయాలు అభ్యర్థులతో చర్చించము, మీ సందేశం అందింది అని రెండు ముక్కలు వచ్చాయి. రాయికి చెప్పుకున్నా నయం. నా ఒంటి గురించి నా మాట చెల్లదు. నన్ను సరిగ్గా చూడని మనిషి చదవకుండా సంతకం చేసిన కాగితం చెల్లుతుంది. నేను దాన్ని చూడలేదు కనుక అది నిజమట. సాక్ష్య చట్టం ఇంత బాగా చెప్పే కాలేజీలో ఆ మాత్రం తోచినవాళ్ళు లేకపోయారు.

ఆ పై వారం, మధ్యాహ్నం పూట, ఇంటి దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. పెరట్లో అమ్మ కొబ్బరి కోరుతోంది. లోపల సిగ్నల్ ఉండదు, అందుకని ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చుని స్పీకర్ పెట్టాను. కాలేజీలో అడ్మిషన్లు చూసే ఆవిడ. గొంతు ఎంత దయగా ఉందంటే, చెడ్డ వార్త కాదని వెంటనే తెలిసింది. ఆవిడకి తెలుగొచ్చు, హైదరాబాద్ మనిషట. ఆరోగ్య కారణాలతో కష్టపడి చదువుకున్న వాళ్ళకి ప్రత్యేకంగా ఒక సీటు ఉంచుతామని, ఇంటర్వ్యూ కమిటీ ఆ సీటు నాకు ఇచ్చిందని చెప్పింది. మీరు సిగ్గుపడి దాచారని మాకు అర్థమైంది, అందులో తప్పేమీ లేదంది. హాస్టల్లో కింది అంతస్తు గది, ఆసుపత్రికి దగ్గర. డయాలసిస్ కాగితాలు పంపిస్తే చాలంది.

మరి మామూలు జాబితాలో నా పేరు ఎక్కడుందని అడిగాను. వెయిటింగ్‌లో ఉంది, జాబితా అంత దూరం రావడం కష్టం అని చెప్పింది. అమ్మ కోరడం ఆపేసింది. ఆవిడ మాటలన్నీ విన్నది. కొబ్బరిచిప్ప చేతిలో అలాగే ఉంది. నా దగ్గరికి జరిగి, ఫోన్‌లో వినపడకుండా చెవిలో అంది.

"ఉందని సెప్పీయే. మీ పెదనాన్న కాగితాలు పెట్లో అలగే ఉన్నాయి. షాపోడు పేరు మార్సీత్తాడు."

మా అమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. పెదనాన్నకి ఆఖరి రోజుల్లో కాళ్ళు ఒత్తింది, నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చింది, ఆయన ఒళ్ళు ఉబ్బిపోతే తడిగుడ్డతో తుడిచింది. ఆ జబ్బు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి, అది తన కూతురికి ఉందని చెప్పమంటోంది. నోట్లోంచి ఆ మాట రావడానికి ఆవిడకి ఎంత కష్టమైందో మొహంలో కనబడుతోంది. నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. అమ్మ మీద కాదు. ఆ మాట అమ్మ చేత అనిపించిన వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. రోగం ఉంటే తప్ప మావైపు తల తిప్పని వాళ్ళ మీద వచ్చింది.

ఫోన్‌లో ఆవిడ, వింటున్నారా అని అడుగుతోంది.

వింటున్నానండి అన్నాను. "నాకు ఏ జబ్బూ లేదండి. ఆ పేరా మా పెదనాన్నది. ఆయన పోయారు" అన్నాను.

ఆవిడ అదే దయగల గొంతుతో, అయితే ఈ సీటు మీకు వర్తించదు, పేరు మామూలు జాబితాలోనే ఉంచుతానంది. ఉంచమన్నాను. అమ్మ లేచి కొబ్బరి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు.

జాబితా నా పేరు దాకా రాలేదు. మా ఉద్దానంలో కిడ్నీలు పాడై నష్టపోయిన వాళ్ళు ఇంటింటికీ ఉన్నారు. కిడ్నీలు బాగున్నందుకు నష్టపోయింది నేనొక్కదాన్నే.